ఎండను కప్పు మీదే ఆపితే

మే నెలలో శ్లాబు ఇంటి పై అంతస్తులో ఉండేవాళ్లకు అసలు కష్టం మిట్టమధ్యాహ్నం కాదు, సాయంత్రం అయిదు దాటాక మొదలవుతుంది. బయట గాలి కాస్త తెరిపినపడుతుంది, వీధిలో పిల్లలు ఆటకు దిగుతారు. లోపల మాత్రం కప్పు నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ సెగనే కిందికి తోస్తుంది. రాత్రి పదింటికి స్టూలెక్కి శ్లాబుకు అరచెయ్యి ఆనిస్తే, ఎప్పుడో పొద్దున కాసిన ఎండ ఇంకా అక్కడే ఉన్నట్టు తెలుస్తుంది. ఆ వేడిని తోడిపోయడానికి ఏసీ కొంటున్నాం, నెలనెలా కరెంటు బిల్లు కడుతున్నాం. ఆ వేడి ఏ దారిన ఇంట్లోకి వస్తోంది, ఆ దారి మూయడానికి ఏం చెయ్యాలి అన్న ప్రశ్న అంతకన్నా ముందు రావాలి. దానికి జవాబు చాలావరకు మన తలల మీదే, డాబా పైన ఉంది.

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో ఒక చదరపు మీటరు కప్పు మీద 900 నుంచి 1,000 వాట్ల దాకా ఎండ పడుతుంది. వంద గజాల కప్పంటే సుమారు 84 చదరపు మీటర్లు. ఆ ఒక్క డాబా మీదే నడిమధ్యాహ్నం 80 కిలోవాట్ల దరిదాపు శక్తి కురుస్తోందన్నమాట. బకెట్టులో నీళ్లు కాచుకునే ఒక కిలోవాటు హీటర్లు ఎనభై ఒకేసారి వేసినంత. ఆ వేళలో గోడల మీద పడేది దీంతో పోలిస్తే తక్కువ, ఎందుకంటే వేసవిలో సూర్యుడు నెత్తిమీదుగా నడుస్తాడు. హైదరాబాదులో మే 9, 10 తేదీల దరిదాపుల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. అనంతపురంలో ఇది ఏప్రిల్ చివరికే జరుగుతుంది. గోడకు ఏటవాలుగా తగిలే ఎండ కప్పుకు నిలువునా తగులుతుంది. పడమటి గోడ సాయంత్రం కాలే మాట నిజమే. అయినా రోజు మొత్తం మీద ఎక్కువ ఎండ తినేది కప్పే.

పడిన ఎండలో ఎంత లోపలికి దిగాలన్నది కప్పు రంగు తేలుస్తుంది. నాచు పట్టి, ఎండి, దుమ్ముకొట్టుకుపోయిన సిమెంటు డాబా తన మీద పడిన ఎండలో మూడు వంతులు మింగుతుంది, ఒక వంతు తిప్పికొడుతుంది. కొత్తగా సున్నం కొట్టిన డాబాకు ఈ లెక్క తలకిందులు. అందుకే మే నెల మధ్యాహ్నం నల్లబడిన కప్పు పైభాగం 60 డిగ్రీల దాకా కాగితే, పక్కింటి తెల్లటి కప్పు అంతకన్నా 15, 20 డిగ్రీలు తక్కువలో ఉంటుంది. చెప్పుల్లేకుండా ఒకదాని మీద నుంచి మరోదాని మీదికి అడుగు వేసినవాళ్లకు థర్మామీటరు అక్కర్లేదు.

మింగిన వేడంతా వెంటనే గదిలోకి రాదు. చాలావరకు గాలికీ ఆకాశానికీ తిరిగి పోతుంది. మిగిలింది శ్లాబులోకి మెల్లగా దిగుతుంది. అయిదంగుళాల కాంక్రీటులో పైనుంచి అడుగుకు వేడి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట ఎండ సాయంత్రం అయిదింటికి మంచం మీద పడుకున్నవాళ్లకు తగలడానికి కారణం ఈ ఆలస్యమే. పైగా శ్లాబు వేడిని ఒట్టినే దాటించదు, నిలవ చేస్తుంది కూడా. వంద గజాల శ్లాబు బరువు 20 టన్నులు దాటుతుంది. కాంక్రీటు కిలోకు ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 0.9 కిలోజౌళ్లు కావాలి. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య శ్లాబు మొత్తం సగటున 15 డిగ్రీలు పెరిగిందనుకుని లెక్కకడితే, దానిలో చేరిన వేడి 80, 90 యూనిట్ల కరెంటుతో సమానం. ఒక టన్ను ఏసీ గంటకు తోడగలిగే వేడి మూడున్నర యూనిట్లు మాత్రమే. శ్లాబులోని వేడిలో కొంత భాగం రాత్రి ఆకాశానికి పోతుంది కాబట్టి మొత్తం ఏసీ మీద పడదు గానీ, రాత్రంతా ఏసీ ఆగకుండా ఎందుకు మొత్తుకుంటోందో ఈ లెక్కతో తెలుస్తుంది. అది చల్లబరుస్తున్నది గదిలోని గాలిని కాదు. కప్పును.

సున్నం ఈ పనికి ఇంత బాగా ఎందుకు పనికొస్తుందో తెలియాలంటే దాని పుట్టుక చూడాలి. సున్నపురాయిని బట్టీలో 900 డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే దానిలోని కార్బన్ డయాక్సైడు పోతుంది. మిగిలిన గడ్డల మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతూ విచ్చుకుని పిండి అవుతాయి. కప్పుకు పూశాక ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును మళ్లీ పీల్చుకుని, నెమ్మదిగా తిరిగి సున్నపురాయిగానే గట్టిపడుతుంది. అలా ఏర్పడిన సన్నని కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు వెలుగును దాదాపు పీల్చుకోవు. ఒకదాని అంచు నుంచి మరోదాని అంచుకు చెదరగొడుతూ చివరికి వచ్చిన దిక్కుకే పంపేస్తాయి. ఎండలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలు. సున్నం వాటినీ చాలావరకు వెనక్కి పంపుతుంది.

ఎండను తిప్పికొట్టడంతో కప్పు పని సగమే అయింది. మింగిన కాస్త వేడినీ బయటికి వదలగలగాలి. వేడెక్కిన ప్రతి వస్తువూ కంటికి కనిపించని కిరణాల రూపంలో వేడిని వెదజల్లుతూ ఉంటుంది. సున్నం, సిమెంటు, మట్టి, పెంకు ఈ పనిలో ఘటికులు. తళతళలాడే లోహానికి ఇది చేతకాదు. కొత్త జింకు రేకు ఎండను బాగానే తిప్పికొడుతుంది, అయినా మధ్యాహ్నం దాని మీద చెయ్యి పెట్టలేం. మింగిన కొద్దిపాటి వేడిని కూడా వదిలించుకోలేక కాగిపోతుంది. అదే రేకుకు తెల్లరంగు పూస్తే తిప్పికొట్టే గుణం నిలుస్తుంది, వేడిని వదిలే గుణం కొత్తగా వస్తుంది. కప్పు మీద వెండిరంగు అల్యూమినియం పెయింటు కన్నా మామూలు తెలుపు మేలనడానికి ఇదే కారణం.

కప్పు ఈ వేడిని ఎక్కడికి వదులుతుంది? కొంత గాలికి, కొంత నేరుగా ఆకాశానికి. మన వాతావరణంలో 8 నుంచి 13 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలకు ఒక కిటికీలా దారి తెరిచి ఉంటుంది. నీటి ఆవిరి తక్కువగా ఉన్న నిర్మలమైన రాత్రి ఆ దారిలో వేడి అంతరిక్షం దాకా పోతుంది. మన పెద్దవాళ్లు ఎండాకాలం రాత్రుళ్లు డాబా మీద నీళ్లు చల్లి, నవారు మంచాలు వేసుకుని, ఏ పందిరీ లేని చోట పడుకోవడం వెనక ఉన్న భౌతికశాస్త్రం ఇదే. రాయలసీమలో, తెలంగాణలో ఈ కిటికీ బాగా తెరుచుకుంటుంది. కోస్తాలో ఉప్పుగాలి తేమ దాన్ని సగం మూసేస్తుంది, అందుకే విశాఖ రాత్రి కర్నూలు రాత్రిలా చల్లబడదు. శాస్త్రవేత్తలు ఇప్పుడు ఈ కిటికీనే పట్టుకుని ముందుకు పోతున్నారు. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆశ్వథ్ రామన్, ఆయన సహచరులు నేరుగా ఎండలో పెట్టినా చుట్టూ ఉన్న గాలి కన్నా దాదాపు 5 డిగ్రీలు చల్లగా ఉండే పొరను తయారుచేశారు. 2021లో పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు బేరియం సల్ఫేటుతో చేసిన తెల్లరంగు 98 శాతం ఎండను తిప్పికొట్టింది. ఇవి మన వీధి చివరి హార్డ్‌వేర్ షాపుకు వచ్చేదాకా ఆగాల్సిన అవసరం లేదు. సున్నం వాటిలో చాలా భాగం పని ఇప్పటికే చేస్తోంది.

పాత ఇళ్లు కట్టినవాళ్లకు ఈ సమీకరణాలు తెలియకపోయినా ఫలితం తెలుసు. రాయలసీమ చవుడు మిద్దెల్లో దూలాల మీద పరిచిన మందపాటి మట్టి పగటి వేడి లోపలికి చేరేలోపే రాత్రి తెచ్చేస్తుంది. గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో వేడిగాలి నడిమి ఖాళీలోంచి పైకి పోతుంటే చల్లగాలి కింద గదుల్లోంచి వస్తుంది. పెంకుటింట్లో పెంకుల సందులే చిమ్నీలు. తాటాకు కప్పులో ఆకుల మధ్య చిక్కుకున్న గాలే అడ్డుపొర. వాటికి తిరిగి పొమ్మని నేననను. వానకు కారే కప్పు కింద, తేళ్లకు భయపడుతూ బతికినవాళ్లు శ్లాబు కోరుకోవడం న్యాయం. అయితే శ్లాబు వచ్చినప్పుడు మందం పోయింది, అటక పోయింది, గోడ పైన వేడిగాలి పోవడానికి ఉండే వెంటిలేటరు కూడా పోయింది. వాటి బదులు పెట్టిందేమీ లేదు.

ఏసీ ఆ బదులు కాగలదా? ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి 5 కిలోవాట్ల పైచిలుకు వేడిని తోడి, తను తిన్న కరెంటు వేడిని కూడా దానికి కలిపి, 6 కిలోవాట్లకు మించి సందులోకి ఊదుతుంది. ఎదురింటి కిటికీ ఆ సందులోకే తెరుచుకుంటుంది. ఏసీ లేని ఇల్లు పక్కింటి ఏసీ వేడిని మోస్తుంది, మోయలేక అదీ ఒక ఏసీ కొంటుంది. ఆ కరెంటులో పెద్ద భాగం సింగరేణి బొగ్గు కాల్చి తీసిందే. ఆ బొగ్గు గనుల పక్కన, 2,600 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రం ఉన్న రామగుండం మన రాష్ట్రాల్లో ఎండలు మండిపోయే ఊళ్లలో ఒకటి. హైదరాబాదులో ఒక పడకగది చల్లబడడానికి రామగుండంలో బొగ్గు మండుతుంది. ఏసీ వాడొద్దని చెప్పడం లేదు. ముసలివాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు ఉన్న ఇంట్లో అది ప్రాణాధారం. దానికి అప్పజెప్పే పని తగ్గించాలి. కప్పు తెల్లబడితే అదే ఏసీ తక్కువసేపు తిరుగుతుంది, 26 డిగ్రీల మీద పెట్టుకున్నా ఫ్యానుతో కలిసి హాయిగా ఉంటుంది. మామూలు సీలింగ్ ఫ్యాను 70, 75 వాట్లు తింటే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లలోపే తిరుగుతుంది.

ఇది సుఖం గురించిన మాట మాత్రమే కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో పోయిన ప్రాణాల్లో అత్యధికం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే పోయాయి. పోయినవాళ్లు ఎక్కువగా ఎండలో పనిచేసేవాళ్లు, ముసలివాళ్లు, పేదవాళ్లు. పగలంతా ఎండలో కాగిన ఒంటికి రాత్రి చల్లదనం దొరికితే గుండె కోలుకుంటుంది. గాలి వేడి మన చర్మపు వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను దాటితే ఫ్యాను గాలి ఒంట్లోని వేడిని తీసుకెళ్లదు, పైగా కొంత తెచ్చి పెడుతుంది. అప్పుడు మనల్ని కాపాడేది చెమట ఆరడం ఒక్కటే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి 0.67 యూనిట్ల వేడి కావాలి, ఆ వేడిని ఒంటి నుంచే తీసుకుంటుంది. కోస్తాలో గాలి ఇప్పటికే తేమతో నిండి ఉంటుంది కాబట్టి చెమట కారుతుంది గానీ ఆరదు. రెంటచింతలలో 45 డిగ్రీలు ఎంత ప్రమాదమో, సముద్రపు ఒడ్డున తేమతో కలిసిన 39 కూడా అంత ప్రమాదం కావచ్చు. వట్టివేళ్ల తడికలకు నీళ్లు చల్లుకోవడం కూడా పొడిగాలి ఉన్న చోటే పనిచేస్తుంది.

తెల్లకప్పును ఊరి పనిగా మొదట పట్టుకున్న నగరాల్లో అహ్మదాబాద్ ఒకటి. 2010 మే వడగాడ్పుల్లో అక్కడ మామూలు కన్నా వెయ్యికి పైగా ఎక్కువ మరణాలు నమోదయ్యాక, 2013లో వేడి నుంచి కాపాడుకునే కార్యాచరణ ప్రణాళిక తెచ్చారు, తర్వాత పేదల బస్తీల్లో కప్పులకు తెల్లరంగు వేయించారు. హైదరాబాదులోనూ 2017లో దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూస్తే ఇంటిలోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. వినడానికి చిన్న అంకె. 38 డిగ్రీల గదికీ 36 డిగ్రీల గదికీ మధ్య పసిపిల్ల నిద్రపోవడం, పోకపోవడం ఉంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం 2028 దాకా అమలయ్యేలా కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు, అందులో 200 హైదరాబాదులో, చల్లటివిగా మార్చాలన్నది లక్ష్యం. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి అన్నారు. అంతకు తక్కువైతే ఇష్టం. కాగితం మీద ఇది మంచి విధానమే, కానీ వేడికి అందరికన్నా ఎక్కువ మాడేది అరవై గజాల్లో రేకులు వేసుకున్నవాళ్లు. ఆ ఇష్టాన్ని ఊరు ఎలా ఆచరణలోకి తెస్తుందన్నదే అసలు ప్రశ్న.

పని తీరు కష్టమైనది కాదు. ఉగాదికి ముందు, ఎండలు ముదరకుండా చెయ్యాలి. డాబా కడిగి, నాచు గీకి, పగుళ్లు పూడ్చాలి. సున్నం ముందురోజే నీళ్లలో నానబెట్టి వడగట్టాలి. నానేటప్పుడు అది మరుగుతుంది, చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. కొంచెం ఫెవికాల్ వంటి జిగురు కలిపితే గట్టిగా పడుతుంది. తడిపిన కప్పు మీద చల్లటి పూట పలచగా రెండు మూడు పూతలు వెయ్యాలి. వానలకు ఇది కొంత కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాల్సిందే. డబ్బు పెట్టగలిగితే బాగా కాలం ఉండే తెల్ల కూల్ రూఫ్ పెయింట్లున్నాయి, ఇంకా గట్టి పని కావాలంటే విరిగిన తెల్లటైల్స్ ముక్కలు పరిపించుకోవచ్చు. ఏది వేసినా దుమ్ము దాని శత్రువు. తెల్లటి కప్పు ఒక్క ఏడాదిలోనే తిప్పికొట్టే గుణంలో చెప్పుకోదగ్గ భాగం పోగొట్టుకుంటుంది, ఫిబ్రవరిలో ఒకసారి కడిగితే చాలావరకు తిరిగి వస్తుంది. సోలార్ పలకలు పెట్టుకున్నవాళ్లు కూడా వాటి చుట్టూ తెలుపు వేసుకోవాలి. పలక వేడెక్కిన కొద్దీ డిగ్రీకి 0.3, 0.4 శాతం చొప్పున కరెంటు తగ్గుతుంది. మిద్దె తోట పెంచేవాళ్లకు బీర, సొర పందిళ్ల నీడ ఉన్నంత మేర రంగుతో పనిలేదు. డాబా మీది నల్లటి నీళ్ల ట్యాంకును మాత్రం ఎవరూ మరిచిపోకూడదు. దానికి తెల్లరంగో గోనెపట్టా నీడో ఉంటే మే నెల మధ్యాహ్నం కుళాయిలోంచి మరిగే నీళ్లు రావు.

సిమెంటు రేకుల ఇళ్ల సంగతి వేరే చెప్పాలి. రేకు మందం ఆరు మిల్లీమీటర్లే. శ్లాబులా వేడిని నిలవ చెయ్యదు, వచ్చింది వచ్చినట్టు కిందికి దించేస్తుంది. కాబట్టి తెల్లరంగు వల్ల అన్నిటికన్నా ఎక్కువ లాభం కలిగేదీ, అదీ వేసిన రోజు మధ్యాహ్నమే లాభం కనిపించేదీ ఈ ఇళ్లకే. అయితే మన దేశంలో ఈ రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పాత రేకును పొడిగా ఇనుపబ్రష్షుతో గీకితే దాని సన్నని పోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరతాయి, అక్కడ ఏళ్ల తరబడి ఉండి క్యాన్సరుకు దారితీస్తాయి. గీకకూడదు, రాపిడి పెట్టకూడదు. తడిపి, మెత్తటి చీపురుతో నాచు తీసి పూత వెయ్యాలి. రేకు మీద నేరుగా కాలు మోపితే విరిగి కింద పడతారు, పలక వేసుకుని దాని మీద నడవాలి.

అపార్టుమెంట్లలో తగువు వేరే ఉంటుంది. కప్పు అందరిదీ, సెగ మాత్రం పై అంతస్తువాళ్లది. అసోసియేషన్ మీటింగులో రెండో అంతస్తు వాళ్లు, మాకు లేని వేడికి మేమెందుకు కట్టాలంటారు. పై అంతస్తులోని నాలుగు ఏసీలు ఊదే వేడి ఆ మెట్ల దారిలోకి, ఆ సందులోకే వస్తుందని, డాబా మీది ట్యాంకుల నీళ్లు అందరూ వాడేవేనని, ఎండకు పగిలి వానకు కారే శ్లాబు మరమ్మతు ఎలాగూ అందరి ఖర్చేనని చెప్పాలి. తెల్లపూత వల్ల శ్లాబు రోజూ సాగి ముడుచుకోవడం తగ్గి పగుళ్లు కూడా తగ్గుతాయి. ఎత్తైన పక్క భవనంవాళ్లకు కళ్లలో వెలుగు కొట్టడం నిజమైన ఇబ్బందే, అలాంటి చోట మెరుపు లేని పూత ఎంచుకోవాలి. ఆవరణలో వేపచెట్టో కానుగచెట్టో ఉంటే దాన్ని కాపాడుకోవాలి. నీళ్లు బాగా అందే పెద్దచెట్టు ఎండాకాలంలో రోజుకు వంద లీటర్ల దాకా ఆవిరి చెయ్యగలదు. పైన చెప్పిన లెక్కన అది 67 యూనిట్ల వేడి. కారు పార్కింగు కోసం కొట్టేసేముందు ఆ అంకె గుర్తుపెట్టుకోవాలి.

ఇక అద్దె గదులు. రేకుల గదిలో మాడిపోయే కుటుంబానిది ఆ కప్పు కాదు. కప్పున్న యజమాని ఆ కప్పు కింద పడుకోడు. సున్నం ఖర్చు చిన్నదే అయినా, రేపు ఖాళీ చెయ్యమంటే పోవాల్సిన గదికి దినకూలీ దాన్ని పెట్టడు. మార్కెట్టు ఈ ముడి విప్పదు. వార్డు కమిటీ, మహిళా సంఘం, పంచాయతీ విప్పాలి. ఏటా మాఘమాసం నాటికి ఎవరి కప్పు ఎంత ఉందో కొలిచి, సున్నం ఒకేసారి టోకున తెప్పించి, పూత వెయ్యడం తెలిసినవాళ్లకు కూలి ఇప్పించి, వీధి వీధంతా ఒకే వారంలో తెల్లగా చెయ్యవచ్చు. ఒక్క ఇల్లు తెల్లబడితే ఆ ఇంటి గది చల్లబడుతుంది. పేట మొత్తం తెల్లబడితే ఆ పేట గాలే కాస్త చల్లబడుతుంది, ఏసీ లేని ఇంటికి ఆ గాలి చాలా తేడా. వరస మాత్రం ముందే రాసుకోవాలి. మొదట అంగన్‌వాడీ, బడి, ఆరోగ్య ఉపకేంద్రం. తర్వాత రేకుల గదులు. ఆ తర్వాత సొంత డాబాలవాళ్లు. పంచాయతీ ఆఫీసు అన్నిటికన్నా చివర.